బల్లమీది ప్రాసెసరు

మా ఎద్దులపాళ్యం గట్టుకోర్టులో కంప్యూటరు మీద వడియాలు ఎండేవంటే మీరు నమ్మరు. నమ్మొద్దు. మీరు నమ్మలేదని అవి పచ్చిగా ఉండిపోలేదు. టైపిస్టు నాగవేణమ్మ వానాకాలంలో ఇంటినుంచి పళ్లెంలో పోసి తెచ్చి, ఆ పెట్టె నెత్తిన పెట్టి, ఒక ఉత్తరం టైపు చేయడం మొదలుపెట్టేది. ఉత్తరం సగానికి వచ్చేసరికి వడియాలు ఎండేవి, కంప్యూటరు ఆగిపోయేది. మళ్లా అది చల్లారేదాకా ఆయమ్మ వడియాలు తిరగేసుకుంటా కూర్చునేది. ఆఫీసు పిల్లి దాని వెనకాలే ఈనింది. పిల్లిపిల్లలు కూడా కొంచెం ఎర్రగా పుట్టినాయని అంటారు గానీ, అది నేను కండ్లారా చూడలేదు కాబట్టి చెప్పను.

గట్టుకోర్టంటే ఏమని మీరు అడగొచ్చు. పొలాల గట్ల మీద వచ్చే తగాదాలు తీర్చడానికి సర్కారు పెట్టిన ఆఫీసు అది. దాని అసలు పేరు బోర్డు మీద రైలుబండి మాదిరి ఉంటుంది, గార్డు డబ్బా చదివేలోపల ఇంజను మరిచిపోతాం. అందుకే గట్టుకోర్టన్నాం. మా పెదనాయన కొడుక్కీ నాకూ నడుమ గట్టు మీద ఒక సీతాఫలం చెట్టుంది. కొమ్మలు నా పక్కన, వేర్లు వాని పక్కన. కాయలెవరివని ఆ కోర్టు తేల్చాల. అది తేలేలోపల చెట్టు ముసలిదయింది, నేనూ అయినాను. అక్కడ పనిచేసే ఉద్యోగుల కంటే నేనే ఎక్కువగా, టయానికి, ఆ ఆఫీసుకు పోయినాను.

ఆ ఆఫీసులో అన్నిటికంటే పెద్ద మనిషి హుస్సేనప్ప. హోదాలో కాదు, గొంతులో. ఆయన ఉద్యోగం ప్రాసెస్ సర్వరు. అంటే కోర్టు నోటీసులు సంచిలో వేసుకొని సైకిలెక్కి ఊరూరా పోయి ఇవ్వడం, తీసుకోనోళ్ల తలుపుకు జిగురుపెట్టి అంటించడం, వాయిదా రోజు వరండాలో నిలబడి పేర్లు పిలవడం. "ప్రాసెస్ సర్వరు" అనే మాట మా నోళ్లలో తిరగక "ప్రాసెసరు" అయింది. కక్షిదారులూ అదే అన్నారు, ఆఫీసోళ్లూ అదే అన్నారు, కొన్నాళ్లకు జీతాల బిల్లులో కూడా అదే రాసినారు. బిల్లు పాసయింది కాబట్టి అది తప్పని ఎవరూ అనుకోలేదు.

హుస్సేనప్ప వేడిమనిషి. ఆయనకిచ్చిన స్టూలుకు ఒక కాలు విరిగితే, కొత్త స్టూలు వచ్చేదాకా అని వరండాలో ఉన్న బల్లెక్కి కూర్చున్నాడు. స్టూలు రాలేదు, ఆయన దిగలేదు. కాళ్లాడించుకుంటా, వచ్చినోడి నెత్తినుంచి పాదాల దాకా చూసి, "ఎవరప్పా నువ్వు, నా పవరు తెలుసునా నీకు" అని మొదలుపెట్టేవాడు. దాహమైందని నీళ్లడిగినా ముందు పవరు గురించి వినాల్సిందే. ఇంక పిలుపు పిలిచినాడంటే, వాయిదాకు వచ్చిన గంగులప్ప ఒకడైతే బస్టాండులో ఉన్న గంగులప్పలందరూ "వస్తి" అని లేచి నిలబడేవాళ్లు. అట్లా లేచినోడు ఒకడు మా వరండా దాకా వచ్చి, సంబంధం లేని కేసులో ఓడిపోయి, అపరాధం కట్టి పోయినాడు.

ఇట్లా ఉండగా హెడ్డాఫీసు నుంచి ఉత్తర్వు వచ్చింది.

అసలు సంగతి మీకు ముందే చెప్పేస్తా. మాకు ఆలస్యంగా తెలిసింది గానీ, మీరు కూడా మా మాదిరి కష్టపడటం ఎందుకు. కంప్యూటరు పెట్టెలో బిస్కెట్టంత బిళ్ల ఒకటి ఉంటుందంట. లెక్కలన్నీ, ఆలోచనలన్నీ అదే చేస్తుందంట. దాని పేరు ప్రాసెసరు. పాత రకం బిళ్లలు కరెంటు తాగి, కుంపటి మాదిరి కాలి, నడుమలో ఆగిపోతాయి. కొత్త రకం తక్కువ కరెంటుతో చల్లగా ఎక్కువ పని చేస్తాయి. అన్ని ఆఫీసుల్లో పాతవి తీసి కొత్తవి పెట్టమని హెడ్డాఫీసు వాళ్లు అనుకున్నారు. మంచి మాటే. ఇంగ్లీషులోనే ఉండుంటే అంతటితో అయిపోయేది. కానీ అవి తెలుగు వారోత్సవాల రోజులు. ఉత్తర్వు అనువాదకుని చేతికి పోయింది. ఆయన చానా నిష్ఠ కలిగినవాడు. ఇంగ్లీషులో "డెస్క్‌టాప్" అని ఉంటే, డెస్కంటే బల్ల, టాపంటే పైన అని విడగొట్టి, "బల్లపై ఉండు" అని పెట్టినాడు. కంప్యూటరు అనే మాట మూలంలోనే లేదు. డెస్క్‌టాప్ అన్నాక కంప్యూటరని వేరే చెప్పాల్నా అని మూలం రాసినాయన అనుకున్నాడు. మూలంలో లేని మాట నేనెట్లా పెడతానని అనువాదకుడు అనుకున్నాడు. ఇద్దరిదీ న్యాయమే.

మా సూపర్నెంటు చిదానందం గారు ఆ కాగితాన్ని వరండాలో నిలబడి చదివినారు.

"కార్యాలయములయందు బల్లపై ఉండు పాత ప్రాసెసర్లు అమితముగా పవరును వినియోగించుచు, స్వల్పమైన పనికే వేడెక్కి, పనిని మధ్యలో నిలిపివేయుచున్నట్లు ప్రభుత్వము వారి దృష్టికి వచ్చియున్నది. కావున అట్టి వాటిని తొలగించి, తక్కువ పవరుతో చల్లగా పనిచేయు నూతన ప్రాసెసర్లను ఏర్పాటు చేయుటకు నిర్ణయించడమైనది."

ఒక్కొక్క మాటకు మా తలకాయలు ఒక్కొక్క బెత్తెడు తిరిగి, ఆఖరు మాటకు అందరం బల్ల వైపు చూస్తా ఉన్నాం. హుస్సేనప్ప కాళ్లాడించడం ఆపినాడు. ఎంత దూరాన ఉన్న హెడ్డాఫీసు, ఈయన బల్లెక్కి కూర్చుంటాడని కూడా కనిపెట్టిందే అని మేము ఆశ్చర్యపోయినాం. నాగవేణమ్మకు మాత్రం ఒక అనుమానం వచ్చింది. మనిషిని పట్టుకొని "వాటిని" అని రాస్తారా సార్ అనింది.

చిదానందం గారు కండ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "హెడ్డాఫీసు నుంచి చూస్తే మనమందరం వాటిలోనే వస్తామమ్మా" అన్నారు.

హుస్సేనప్ప బల్లదిగి, నామీద అర్జీ రాసిందెవడు, వాని చేతులు పడిపోను, అని అందుకున్నాడు. ముందు నన్ను చూసినాడు. నాకు సంతకం తప్ప రాయడం బద్ధకమని ఆయనకు తెలుసు కాబట్టి పక్కోనివైపు తిరిగినాడు. చిదానందం గారు కలం తీసి, ఉత్తర్వు పక్కనే, "చదివి వినిపించుచుండగనే వేడెక్కెను" అని రాసుకున్నారు.

ఉత్తర్వు కింద పరీక్షల పట్టిక ఉంది. పాత ప్రాసెసరును పరీక్ష చేసి ఫలితం పంపాల. మొదటిది, ఖాళీగా ఉన్నప్పుడు వేడి ముప్పై అయిదు డిగ్రీలు మించకూడదు. ఆస్పత్రి కాంపౌండరును పిలిపించి హుస్సేనప్ప చంకలో ధర్మామీటరు పెట్టించినారు. ముప్పై ఏడుంది. ఫెయిలు. చిదానందం గారికి ఎందుకో అనుమానం వచ్చి తన చంకలో కూడా పెట్టుకున్నారు. అదీ ముప్పై ఏడే. కాంపౌండరుకూ అంతే. బతికుండే మనిషికి అంతే ఉంటుంది సార్, ముప్పై అయిదు కావాలంటే కొంచెం చచ్చిపోవాల, అని కాంపౌండరు చెప్పబోతే చిదానందం గారు ఆపినారు. ప్రభుత్వం వారు ప్రాసెసరు వేడి గురించి మాత్రమే అడిగినారనీ, తక్కినవారి వేడి విషయమై ఎటువంటి సమాచారమూ కోరలేదనీ, కాబట్టి ఈ కార్యాలయంలో ఇంకెవరికీ వేడి లేనట్లేననీ తేల్చినారు.

రెండోది, పూర్తి బరువు మీద ఉన్నప్పుడు డెబ్బై మించకూడదు. బీరువాలో ఎన్నేండ్లుగానో మూలుగుతున్న నోటీసుల మూటలన్నీ హుస్సేనప్ప భుజాన కట్టి, ఆఫీసు చుట్టూ పరిగెత్తించినారు. నా సీతాఫలం నోటీసు కూడా అందులోనే పరిగెత్తింది. ఆగినాక చూస్తే ముప్పై ఎనిమిది. పాసు. "పని ఉన్నప్పుడు ఇతని వేడి అనుమతించిన దానికంటే చాలా తక్కువ. పని లేనప్పుడే ఎక్కువ" అని చిదానందం గారు రాసినారు. ఆ ఆఫీసులోనుంచి అంత నిజమైన మాట ముందెప్పుడూ బయటికి పోలేదు.

మూడోది, ప్రాసెసరుకు పన్నెండు దారములు ఉండాల. ఇంగ్లీషులో థ్రెడ్లు అని ఉన్నాయంట. హుస్సేనప్ప చొక్కా చేయి పైకి మడిచి, పీర్ల పండగకు కట్టుకున్న దారాలు చూపించినాడు. కొన్ని తగ్గినాయి. నాగవేణమ్మకు జాలేసి ఫైళ్లకు కట్టే ఎర్రతాళ్లు తెచ్చి పన్నెండుకు సరిచేసింది. నాలుగోది, "ప్రాసెసరుకు క్యాషు ఎంత అధికముగా ఉండునో పని అంత వేగముగా జరుగును." బిళ్ల తన లెక్కలు దాచుకునే అరను క్యాషు అంటారంట, ఆ మాటకు తెలుగు దొరక్క అనువాదకుడు అట్లనే వదిలేసినాడు. ఈ ఒక్క వాక్యం దగ్గర మాత్రం ఎవరికీ ఏ అనుమానమూ రాలేదు. వరండాలో ఉన్న కక్షిదారులమందరం తలకాయలూపినాం. సర్కారుకు ఇంత లోతుగా తెలుసని మేము అనుకోలేదు.

ఆఖరున వేడి తగ్గించే ఉపాయం ఉంది. "ప్రాసెసరు నెత్తిపై బఠాణీ గింజ పరిమాణమున లేపనము పూసి, దానిపై ఫ్యానును బిగించవలెను."

ఏం లేపనమో చెప్పలేదు. గంధమని చిదానందం గారు, ఆముదమని నాగవేణమ్మ, పెరుగని నేను. గోరింటాకు అన్నిటికంటే చలవని చివరికి దాన్నే నూరించినారు. బఠాణీ గింజంటే ఎండుదా, నానిందా అని మళ్లా సందేహం. దాని మీద హెడ్డాఫీసుకు ఉత్తరం పోయింది. "కార్యాలయాధిపతి విచక్షణ మేరకు" అని జవాబు వచ్చింది. చిదానందం గారు తమ విచక్షణను పిల్లి ఈనిన గదిలో కూర్చొని చానాసేపు వాడి, నానిందే అన్నారు. తమ గదిలో ఫ్యాను విప్పించి వరండాలో బల్లకు సరిగ్గా పైన బిగించినారు. హుస్సేనప్ప నెత్తిన పచ్చటి బొట్టుతో దానికింద కూర్చున్నాడు. గాలి తగిలేసరికి గురక పెట్టి నిద్రపోయినాడు. ఆ పొద్దు ఆ ఆఫీసుకు వచ్చినోళ్లు నీళ్లడిగి, నీళ్లు తాగి, పవరు గురించి ఏమీ వినకుండానే ఇంటికి పోయినారు. లోపల కంప్యూటరు మాత్రం రైసుమిల్లు మాదిరి మోగుతా, నాగవేణమ్మ వడియాలు వేయిస్తా ఉంది. ఫ్యాను పోయినాక చిదానందం గారికి దాని సెగ నేరుగా తగిలేది. తువ్వాలతో విసురుకుంటా, ప్రాసెసరు ఒకడు మారితే ఆఫీసంతా చల్లబడుతుందమ్మా అనేవారు.

హుస్సేనప్ప చల్లబడినాడు, గండం గడిచిందిలే అనుకున్నాం. ఇంతలో పార్సిలు వచ్చింది.

చిన్న అట్టపెట్టె. "నూతన ప్రాసెసరు ఒకటి పంపడమైనది. అందినట్లు తెలిపి తక్షణమే పనిలో పెట్టవలెను" అని పైన కాగితం. చిదానందం గారు విప్పినారు. లోపల పలకమాదిరి ఒక బిళ్ల. ఒకవైపు తళతళ మెరుస్తాంది. రెండోవైపు సూదులంత కాళ్లు వందలకు వందలున్నాయి. సార్, ఇది ఏదన్నా మిషనులో పెట్టే వస్తువేమో అని నాగవేణమ్మ మెల్లగా అనింది.

చిదానందం గారు ఆ బిళ్లను వెలుతురుకు పెట్టి చూసినారు. "ఇంతకంటే చిన్నవాళ్లు ఇంతకంటే పెద్ద పోస్టుల్లో చేరడం నా సర్వీసులో చూసినాను. మిషనులో పెట్టమని ఆర్డరులో లేదు. బల్లపై అనుంది. కాళ్లు చూడమ్మా ఎన్ని ఉన్నాయో. మన హుస్సేనప్పకు రెండే. ఊర్లు తిరిగే ఉద్యోగానికి ఏది మేలో నువ్వే చెప్పు."

బల్లమీద చేతిగుడ్డ మడిచి పరిచి కొత్త ప్రాసెసరును కూర్చోబెట్టినారు. చంకలేదు కాబట్టి ధర్మామీటరు దాని పక్కన పెట్టినారు. నీడపట్టున ఉంది, చల్లగానే ఉంది. కాళ్లాడించలేదు. వచ్చినోళ్లను ఎవరప్పా నువ్వు అనలేదు. చిదానందం గారు చానా తృప్తిపడినారు.

అట్టపెట్టె అడుగున రెండో కాగితముంది. "పాత ప్రాసెసరును జాగ్రత్తగా ఊడదీసి, దుమ్ము దులిపి, నెత్తిన పూసిన లేపనమును మెత్తటి గుడ్డతో తుడిచి, కాళ్లు వంగకుండ బుడగల కవరులో చుట్టి, హెడ్డాఫీసు స్టోరునందు అప్పగించవలెను. కాళ్లు వంగినచో కార్యాలయాధిపతే బాధ్యులు."

ఈ కబురు విని హుస్సేనప్ప పెండ్లాము కుళ్లాయమ్మ వచ్చింది. జీతం గురించో పింఛను గురించో అడుగుతుందనుకొని చిదానందం గారు రూల్సు పుస్తకం దగ్గరికి లాక్కున్నారు. ఆయమ్మ దాని వైపు కూడా చూడలేదు.

"సార్, ఈయన పగలంతా మీ మీద అరిచి వస్తాడు కాబట్టి ఇంటికాడ ఆవు మాదిరి ఉంటాడు. ఆ అరుపులన్నీ తీసుకొచ్చి నా నెత్తినేస్తే నేనేం కావాల? రేపు ఉగాదికి ఎట్లాగూ రిటైరు చేస్తారని దినాలు లెక్కపెట్టుకొని ఏడుస్తాండా. అంతకుముందే పంపిస్తారా? ఆ బిళ్లనే మాయింటికి పంపీయండి, దాన్నే పెట్టుకుంటా."

ఉత్తర్వులో పెండ్లాల గురించి ఏమీ లేదని చిదానందం గారు చూసి చెప్పినారు. అయినా ఈయన్ను తీసెయ్యడం లేదు, అప్పగిస్తున్నాం అంతే, అన్నారు.

హుస్సేనప్ప అప్పటిదాకా గోడకానుకొని ఉన్నాడు. ఆయన అరుస్తాడేమోనని మేమంతా ఒక అడుగు వెనక్కి పెట్టినాం. అరవలేదు. "సార్, నాకు సదువు రాదు, ఇంకో పని రాదు. ఆ పేర్లు పిలిచేది ఒకటే వచ్చు. నేను పిలిస్తేనే అది కోర్టు మాదిరి ఉంటాది. ఆ బిళ్ల పిలుస్తాదా సార్?" అన్నాడు.

చిదానందం గారు బిళ్ల వైపు చూసినారు. అది ఏమీ అనలేదు. పవరు తక్కువగా వాడే వాళ్లు అట్లనే ఉంటారు అన్నారు. అన్నారు గానీ, తన చేత్తోనే మెత్తటి గుడ్డ తీసుకొని ఆయన నెత్తిన గోరింటాకు తుడిచినారు. జుట్టు ఎర్రగా పండింది.

అప్పగించడానికి వెంట పోయేది ఎవరనే మాట వచ్చింది. ఎట్లాగూ రోజూ వస్తావు కదా, నువ్వే పో అని నన్నన్నారు. నేనూ ఒప్పుకున్నా. ఈయన పోతే నా సీతాఫలం నోటీసు ఇచ్చేవాడు ఉండడు, వీలైతే వెనక్కి తెచ్చుకుందామని. బుడగల కవరు చుట్టి, ముక్కు దగ్గర రెండు బొక్కలు పెట్టి, బస్సులో వెనక పొడుగు సీటు మీద కాళ్లు చాపించి పండబెట్టినాం. కండక్టరు వచ్చి ఏం జబ్బని అడిగినాడు. జబ్బు కాదప్పా, ప్రాసెసరు, కాళ్లు వంగకూడదు అన్నా. అయితే లగేజీ టికెట్టు తీసుకో అన్నాడు. దారిపొడుగునా బస్సులో ఉండేవాళ్లందరూ ఒకరి తర్వాత ఒకరు వచ్చి పరామర్శ చేసినట్లు నటించి, బుడగలు టప్‌టప్‌మని నొక్కి పోయినారు. మొదట్లో డ్రైవరు మాకేంటికి అన్నట్టే ఉన్నాడు. టీకి ఆపినప్పుడు ఆయన కూడా వచ్చి పాదాల దగ్గర రెండు వరసలు నొక్కినాడు. హెడ్డాఫీసు చేరేసరికి ఒక్క బుడగ మిగల్లేదు గానీ, కాళ్లు మాత్రం వంగలేదు.

స్టోరుకీపరు వరదరాజులు మమ్మల్ని చూసి ఆశ్చర్యపోతాడనుకున్నా. ఆయన అన్నం క్యారియరు మూత పెట్టుకుంటా, ఇంకొకటా, లోపల అరమీద ఎక్కించు అన్నాడు.

లోపలికి పోయి చూసినా. ఇనుప అరలు, అరల నిండా మనుషులు. జిల్లాలో ఎన్ని గట్టుకోర్టులున్నాయో అన్నిటి ప్రాసెసర్లూ అక్కడే ఉన్నారు. బొటనవేలికి చీటీలు కట్టినారు. ఒకాయన నెత్తిన గంధం, ఒకాయనకు వేపాకు ముద్ద, పక్క తాలూకా ఆయనకు అక్షరాలా ఒక బఠాణీ గింజనే అంటించినారు. రూలు ప్రకారం అందరూ కాళ్లు చాపుకొని, కూర్చున్నోళ్లు కూర్చున్నట్టే పులిజూదం ఆడతాన్నారు. ఇదేంది సామీ అని నేను వరదరాజులును అడిగినా.

"ప్రాసెసర్లు వస్తాయి, దించుకో అన్నారు. వచ్చినాయి, దించుకున్నా. మాటకు మాట సరిపోయింది. సరిపోయినాక అడిగేదానికి ఏముంటాది?" అన్నాడు.

హుస్సేనప్పను పైఅర ఎక్కించినాం. ఎక్కీ ఎక్కగానే కిందాయన, మా తాలూకాలో నేను పిలిస్తే చెరువుకవతల వినపడేది అన్నాడు. హుస్సేనప్పకు గోరింటాకు చలవ ఒక్కసారిగా దిగిపోయింది. గొంతు సవరించుకొని, అలవాటు కొద్దీ నా పేరునే పిలిచినాడు. ఆయన పిలుపు విని ఇంకోడు, వాణ్ని విని ఇంకోడు. ఇన్నాళ్లుగా బిగబట్టుకున్న గొంతులన్నీ లేచినాయి. స్టోరు పైకప్పు రేకులు అదిరి, పైఅంతస్తులో పెద్దసారు టీకప్పు నడుచుకుంటా బల్ల అంచుదాకా వచ్చి కింద పడిందని చెప్పుకున్నారు. కప్పు పడటం నేను చూడలేదు. పెద్దసారు ఒక కాలికే చెప్పు తొడుక్కొని మెట్లు దిగడం మాత్రం చూసినా.

సంగతి బయటపడింది. పెద్దసారు తలపట్టుకొని పైకి పోయినారు. మీటింగు పెట్టినారు. తప్పు ఒప్పుకుంటే సరిపోయేది గానీ, దానికొక అడ్డం వచ్చింది. తక్కిన ఊర్లలో ప్రాసెసర్లు మాకంటే నెలల ముందే మారినారు, అప్పటినుంచి ఆ గట్టుకోర్టుల నుంచి ఒక్క నోటీసు పోలేదు. నోటీసు లేక కక్షిదారులు రాలేదు. జనం లేక లైట్లు వేయలేదు. కరెంటు ఖర్చు సగానికి పడిపోయింది. గట్ల కాడ కొట్టుకునేవాళ్లు కూడా, పిలిచేవాడు లేక, వాళ్లలో వాళ్లే సర్దుకుంటా వచ్చినారు. చల్లటి ప్రాసెసర్ల వల్ల పవరు ఆదా చేసినందుకు రాష్ట్రంలోనే మొదటి బహుమతి అని పెద్దసారుకు అప్పటికే కబురొచ్చింది. శాలువా కూడా కొన్నారు. ఇప్పుడు తప్పు జరిగిందంటే శాలువా ఎవరికి కప్పాల?

అందుకని ఇంకో ఉత్తర్వు తీసినారు. "స్టోరునందు గల పాత ప్రాసెసర్లను శుభ్రపరచి, పరీక్షించి, పునరుద్ధరించిన ప్రాసెసర్లుగా ఆయా కార్యాలయములకు తిరిగి పంపిణీ చేయవలెను. ఒక్కొక్కదానికి మూడేండ్ల వారంటీ కలదు. వారంటీ కాలమున వీటిని తొలగించుట గాని, కార్యాలయ స్థాయిలో మరమ్మతు గాని, మందలింపు గాని చేయరాదు." ప్రతి ఒక్కరి జేబుకూ ఒక వెండిరంగు చీటీ అంటించినారు. సీలు తొలగించినచో వారంటీ చెల్లదు అని దానిమీద అచ్చువేసినారు.

తిరుగు బస్సులో హుస్సేనప్ప మామూలుగా కాళ్లు మడుచుకొనే కూర్చున్నాడు. జేబు మీది చీటీని వేలితో తడుముకుంటా, ఉగాదికి ఇంక రిటైరు లేదు కదప్పా అని నన్ను అడిగినాడు. మూడేండ్ల దాకా దేవుడు కూడా తీసెయ్యలేడు అన్నా. దేవుని కంటే సీలు గట్టిది కదా.

కుళ్లాయమ్మ ఆ చీటీకి పసుపు కుంకుమ పెట్టింది. చొక్కా ఉతకాల్సి వచ్చినప్పుడు జేబు వదిలేసి తక్కింది ఉతికేది. చిదానందం గారు చీటీని చదివి, లేచి నిలబడి, మళ్లా కూర్చున్నారు. బల్లమీది బిళ్లను ఏం చేయాలనేది ఉత్తర్వులో లేదు. ఎగిరిపోకుండా నోటీసుల కట్ట మీద బరువుకు పెట్టినారు. హుస్సేనప్ప దాని పక్కనే ఎక్కి కూర్చొని కాళ్లాడించడం మొదలుపెట్టినాడు. మరుసటి వాయిదాకు నా పేరు పిలిచినాడు చూడండి, మా ఊర్లో గట్టుమీద సీతాఫలం చెట్టునుంచి రెండు పండ్లు రాలినాయి. అవి ఎవరి పక్కన పడినాయనేది ఇప్పుడు వేరే కేసు.

అంతా బాగుంది. కంప్యూటరు మాత్రం రోజురోజుకూ ముదిరింది. బహుమతి వచ్చినందుకు పెద్దసారును అభినందిస్తా ఒక ఉత్తరం టైపు చేయబోతే, "తమరి చల్లని" అనేకాడికి వచ్చి పొగ వదిలి ఆగిపోయింది. ఆ పొద్దు పళ్లెంలో వడియాలు ఎండటం కాదు, ఏకంగా మాడినాయి. నాగవేణమ్మ ఇంక నావల్ల కాదనింది. చిదానందం గారు తమ చేత్తోనే హెడ్డాఫీసుకు రాసినారు: కార్యాలయ కంప్యూటరు అతిగా వేడెక్కుచున్నది, తగు ఆదేశములు కోరడమైనది.

ఈసారి జవాబు తొందరగానే వచ్చింది. చిదానందం గారు దాన్ని వరండాలోకి తెచ్చి, పాత చోటే నిలబడి చదివినారు.

"కంప్యూటరు వేడెక్కుటకు కారణము ప్రాసెసరే. కావున తక్షణమే ప్రాసెసరును మార్చవలెను."

చదవడం అయిపోయింది. మా తలకాయలన్నీ బెత్తెడు బెత్తెడుగా బల్ల వైపు తిరిగినాయి. నోటీసుల మీద ఆ బిళ్ల చల్లగా, ఎవరి జోలికీ పోకుండా మెరుస్తాంది. దాని పక్కన హుస్సేనప్ప, జేబు మీది సీలు చెదరకుండా చెయ్యి పెట్టుకొని, అప్పటికే వెల్లకిలా పండుకొని, కాళ్లు వంగకుండా చాపుకున్నాడు.

"కుళ్లాయమ్మకు కబురు చేయండప్పా, రొట్టెలు నాలుగు ఎక్కువ కట్టమని" అన్నాడు కండ్లు మూసుకొనే. "పోయినసారి ఆ స్టోరులో తిండి సరిగ్గా లేదు."